బిరుదు ఒక దారి, ఆస్తి ఒక దారి: మార్నింగ్టన్ వంశకథ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చిన పాఠం.)



వారం కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మేము ఎలాగూ మాట్లాడతాం. మీరు ఈసారి వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. "ఐర్లండు దేశపు బిరుదు ఒకటుంది, దాని వారసత్వం గురించి చెబుతాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "మనకూ దానికీ ఏం సంబంధమండీ?" అన్నారు. ఆ సంబంధం చెప్పడానికే నిలబడ్డాను. భోజనాల వేళకు ముగిస్తానని ముందే మాట ఇస్తున్నాను.

నేను రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి తహసీల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం రాయలసీమలోనే గడిచింది. చేరిన కొత్తలో నన్ను రికార్డు రూములో వేశారు. పాత పుస్తకాల దుమ్ము దులుపుతూ చదవడం అక్కడే అలవాటయింది. ఒక పుస్తకంలో, 1798లో నిజాంతో ఒప్పందం చేసుకున్న గవర్నర్ జనరల్ మార్నింగ్టన్ ప్రభువు అని ఉంది. ఇంకో పుస్తకంలో, 1800లో అదే నిజాం నుంచి మన జిల్లాలు పుచ్చుకున్న గవర్నర్ జనరల్ వెల్లస్లీ ప్రభువు అని ఉంది. వాళ్లు ఇద్దరు మనుషులనుకున్నాను. రెండేళ్లకే ట్రాన్స్‌ఫరా అని మా హెడ్ క్లర్కు గారిని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఇద్దరూ ఒకడేనయ్యా. మధ్యలో ప్రమోషన్ వచ్చింది" అన్నారు.

ఆ ప్రమోషన్ ఏమిటో తెలుసుకోవాలన్న కోరిక అప్పుడు పుట్టింది. తీరిక మాత్రం రిటైరయ్యాకే దొరికింది. చదువుతున్నకొద్దీ అది బిరుదుల కథలా కాక, నేను సర్వీసంతా చూసిన వారసుల విచారణ ఫైళ్లలా కనిపించింది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

ముందుగా రెండు విషయాలు మనవి చేయాలి. మన శాఖల్లో కేడర్లు ఉన్నట్టే అక్కడి ప్రభువులకూ కేడర్లు ఉన్నాయి. అన్నిటికన్నా కింద బ్యారన్. దానిపైన వైకౌంట్, ఆపైన ఎర్ల్, ఆపైన మార్క్వెస్, అన్నిటికీ పైన డ్యూక్. ఇంగ్లండు రాజే ఐర్లండుకూ రాజు కాబట్టి అక్కడి బిరుదులూ ఆయనే ఇచ్చేవాడు. కానీ ఐర్లండు ప్రభువుల జాబితా వేరు. హోదా పేరు ఒకటే అయినా విలువలో ఇంగ్లండు బిరుదుకు ఒక మెట్టు తక్కువగానే చూసేవారు. 1801లో రెండు రాజ్యాలనూ కలిపేసి డబ్లిన్ పార్లమెంటును ఎత్తివేశాక, ఐర్లండు ప్రభువులందరి తరఫున 28 మందికి మాత్రమే లండన్ ప్రభువుల సభలో చోటు దక్కింది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. బిరుదు ఇచ్చేటప్పుడు రాజు ఒక పత్రం ఇస్తాడు. బిరుదు ఎవరి తర్వాత ఎవరికి పోవాలో అందులో ఒక వాక్యంలో రాసి ఉంటుంది. సాధారణంగా ఆ వాక్యం సారాంశం ఇది: ఈ వ్యక్తికి ధర్మపత్ని వల్ల కలిగిన మగ సంతానం, వారి మగ సంతానం. అంతే. కూతురికి రాదు, దత్తపుత్రుడికి రాదు, పెళ్లికి ముందు పుట్టిన కొడుకుకూ రాదు. బిరుదు ఉన్నవాడు వీలునామా రాసి దాన్ని ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఆ ఒక్క వాక్యమే తర్వాత వందల ఏళ్లు పాలిస్తుంది.

ఇక మార్నింగ్టన్ సంగతి. ఐర్లండు తూర్పు తీరాన మీత్ అనే కౌంటీ ఉంది. అక్కడ బోయిన్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరు పేరు మార్నింగ్టన్. ఆ కౌంటీలోనే డాంగన్ అనేచోట గ్యారెట్ వెస్లీ అనే భూస్వామి ఉండేవాడు. పిల్లలు లేరు. ఆస్తి ఎవరికివ్వాలా అని చూశాడు. మెథడిస్టు మతోద్యమంతో పేరు పొందిన వెస్లీ సోదరులలో చిన్నవాడైన చార్లెస్‌ను వారసుడిగా తీసుకుంటానని కబురు చేశాడనీ, ఆ కుర్రవాడు వద్దన్నాడనీ ఒక కథ చెప్పుకుంటారు. చివరికి 1728లో గ్యారెట్ చనిపోయినప్పుడు ఆస్తి బంధువైన రిచర్డ్ కోలీ అనే ఆయనకు వచ్చింది. షరతు ఒక్కటే, ఇంటిపేరు మార్చుకోవాలి. కోలీ గారు వెస్లీ గారయ్యారు. మన భాషలో చెప్పాలంటే ఇది దత్తత వంటిదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

ఆ రిచర్డ్‌కు 1746లో ఐర్లండు బిరుదు వచ్చింది: బ్యారన్ మార్నింగ్టన్. ఆయన కొడుకు పేరు కూడా గ్యారెట్. ఈయనకు సంగీతం ప్రాణం. పాటలకు స్వరాలు కట్టేవాడు. 1764లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి మొట్టమొదటి సంగీతాచార్యుడయ్యాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1760లో, ఆయనను ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్‌ను చేశారు. మన కథ అంతా ఆ 1760 నాటి పత్రం చుట్టూనే తిరుగుతుంది. అందులోని వాక్యం ప్రకారం బిరుదు ఈ గ్యారెట్ మగ సంతానానికి చెందుతుంది. ఆయనకు పెరిగి పెద్దయిన కొడుకులు ఐదుగురు: రిచర్డ్, విలియం, ఆర్థర్, జెరాల్డ్, హెన్రీ.

సంగీతం బాగానే ఉంది గానీ సంసారం లెక్కలు బాగాలేవు. 1781లో మొదటి ఎర్ల్ చనిపోయేనాటికి మిగిలినవి బిరుదు, అప్పులు. పెద్దకొడుకు రిచర్డ్‌కు అప్పుడు 20 ఏళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చాడు. తండ్రి అప్పుల బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. తల్లినీ తమ్ముళ్లనూ చూసుకున్నాడు. మూడోవాడు ఆర్థర్ దేనికీ పనికిరాడేమోనని ఇంట్లో దిగులుపడుతుంటే, అతనికి 1787లో సైన్యంలో ఉద్యోగం వేయించిందీ ఈ అన్నే. కొన్నాళ్లకు డాంగన్ ఇల్లూ భూమీ అమ్మేయవలసి వచ్చింది. మార్నింగ్టన్ ప్రభువు అనే పేరు మిగిలింది, ఐర్లండులో పాత ఇల్లు మిగల్లేదు. తన ఇంటిపేరును కూడా వెస్లీ అని కాక పాత పద్ధతిలో వెల్లస్లీ అని రాయడం రిచర్డే మొదలుపెట్టాడు.

ఈ రిచర్డే 1798 మే నెలలో కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్నాడు. మనం బడిలో సైన్య సహకార పద్ధతి అని బట్టీపట్టామే, అది ఈయనదే. 1798 సెప్టెంబరు 1న హైదరాబాదు నిజాం ఆ పద్ధతికి తలవంచాడు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మరణించాడు. ఆ విజయానికి బహుమానంగా ఇంగ్లండు నుంచి పెద్ద బిరుదు వస్తుందని రిచర్డ్ ఎదురుచూశాడు. 1799 డిసెంబరులో వచ్చింది: మార్క్వెస్ వెల్లస్లీ. హోదా ఎర్ల్ కన్నా పైదే. కానీ మళ్లీ ఐర్లండు జాబితాలోనే. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తనకు దక్కింది బంగారు పూత రెండుసార్లు పూసిన బంగాళాదుంప అన్నాడు. ఐర్లండు అనగానే వాళ్లకు గుర్తొచ్చేది బంగాళాదుంప కదా. మా హెడ్ క్లర్కు గారు చెప్పిన ప్రమోషన్ ఇదేనన్నమాట. ప్రమోషన్ ఇచ్చి కోరుకోని సెక్షన్‌లో వేస్తే ఎలా ఉంటుందో మనలో కొందరికి అనుభవమే.

ఆ మరుసటి ఏడే, 1800 అక్టోబరు 12న, నిజాంతో ఇంకో ఒప్పందం జరిగింది. తన దగ్గర ఉంచే కంపెనీ సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం కంపెనీకి ఇచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప సీమలు అలా చేతులు మారాయి. వాటి పాలనకు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. ఇచ్చేసినవి కాబట్టి దత్త మండలాలు అన్నారు. ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా అదే వ్యవహారం. నేను దులిపిన రికార్డుల అట్టల మీద ఉన్నదీ ఆ పేరే.

ఇక్కడే విధి చిత్రం చూడండి. ఒప్పందం రాయించుకుని ఒక సీమనంతా దత్తం చేయించుకున్న మనిషి, తన బిరుదును తన సొంత కొడుకుకు దత్తం చేయలేకపోయాడు.

ఆ సంగతి ఇది. రిచర్డ్ యౌవనంలో హయసింత్ గాబ్రియెల్ రోలాండ్ అనే ఫ్రెంచి నటితో కలిసి జీవించాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. తర్వాత, 1794 నవంబరులో, ఆమెను చర్చిలో శాస్త్రోక్తంగా పెళ్లాడాడు. ఆమె భార్య అయింది, ప్రభువు గారి సతీమణి అయింది. కానీ అప్పటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లికి ముందు పుట్టిన పిల్లలు తర్వాత పెళ్లి జరిగినా ధర్మ సంతానం కారు. ఆ చట్టాన్ని 1926లో మార్చారు. అప్పుడు కూడా బిరుదులకు మాత్రం అది వర్తించదని మినహాయింపు పెట్టారు. పెళ్లయ్యాక ఆ దంపతులకు ఇక సంతానం కలగలేదు. ఆమె భారతదేశానికి రాలేదు. తర్వాత ఇద్దరూ విడిపోయారు. ఆమె 1816లో చనిపోయింది. 1825లో రిచర్డ్ ఇంకో వివాహం చేసుకున్నాడు. అప్పుడాయన ఐర్లండులో రాజప్రతినిధి. వధువు అమెరికా వితంతువు. ఆమెకూ సంతానం లేదు.

కొడుకులు ప్రయోజకులే. పెద్దవాడు పార్లమెంటు సభ్యుడయ్యాడు. రెండోవాడు కంపెనీ కొలువులో ఇండోర్ రెసిడెంటుగా పనిచేశాడు. మూడోవాడు హెన్రీ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విద్యాలయానికి అధిపతి అయ్యాడు. 1842 సెప్టెంబరు 26న రిచర్డ్ చనిపోయేనాటికి పెద్దవాళ్లిద్దరూ పోయారు, హెన్రీ బతికే ఉన్నాడు. చదువుంది, మర్యాద ఉంది, తండ్రి రక్తం ఉంది. పత్రంలో మాత్రం చోటు లేదు.

మార్క్వెస్ బిరుదు రిచర్డ్ పేరునే పుట్టింది కాబట్టి ఆయనతోనే అంతరించింది. ఎర్ల్ బిరుదు అలా కాదు. అది తండ్రి గ్యారెట్ పేరున పుట్టింది కాబట్టి ఆ తండ్రి మిగతా కొడుకుల వైపు తిరిగింది. పత్రం ఎవరి పేరున పుట్టిందో చూడాలి. మన పట్టాదారు పాసుపుస్తకాల తగాదాల్లోనూ మొదట అడిగే ప్రశ్న ఇదే కదా. జాగా ఎవరి స్వార్జితం, ఎవరి నుంచి సంక్రమించింది అని.

పింఛనుదారుల సభ కాబట్టి ఒక మాట చెప్పాలి. మైసూరు విజయం తర్వాత కంపెనీ రిచర్డ్‌కు ఏడాదికి 5,000 పౌన్ల చొప్పున 20 ఏళ్లపాటు ఇచ్చేలా మంజూరు చేసింది. అయినా చివరి రోజుల్లో ఆయనకు చేతిలో డబ్బు ఆడలేదు. 1837లో కంపెనీ డైరెక్టర్లు మళ్లీ 20,000 పౌన్లు మంజూరు చేయాల్సి వచ్చింది. రాజ్యాలు రాయించుకున్నవాడికీ ముసలితనంలో మంజూరు ఉత్తర్వు కోసం ఎదురుచూపు తప్పలేదు.

1842లో ఎర్ల్ బిరుదు పెద్ద తమ్ముడు విలియంకు వచ్చింది. చాలామంది ఇక్కడ పొరబడతారు. అప్పటికి ఆర్థర్ వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వీరుడు, 1814 నుంచే డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, ప్రధానమంత్రిగా కూడా చేసి దిగినవాడు. అయినా మార్నింగ్టన్ బిరుదు ఆయనకు రాలేదు. విలియం పెద్దవాడు, అంతే. పత్రానికి ప్రతిభతో పనిలేదు. విలియం కూడా తక్కువవాడు కాదు లెండి. నాణేల ముద్రణశాలకు అధిపతిగా ఉండి, 1817లో దేశమంతటా వెండి నాణేలు మార్పించాడు. ఆ నాణేల మీద తన పేరు పొడి అక్షరాలు కూడా చిన్నగా వేయించుకున్నాడు. మూడో ఎర్ల్‌గా రెండున్నరేళ్లు ఉండి 1845లో చనిపోయాడు.

ఆయన కొడుకు, నాలుగో ఎర్ల్, ఆయన పేరూ విలియమే. ఈ వంశకథలో నాకు నిద్ర పట్టనివ్వని ఘట్టం ఇదే.

క్యాథరిన్ టిల్నీ లాంగ్ అని ఒక పిల్ల. తండ్రి లేడు. 1805లో చిన్న తమ్ముడు కూడా చనిపోవడంతో ఆస్తి అంతా ఆమెకు వచ్చింది. అప్పుడామెకు 15 ఏళ్లు. బిరుదులు లేనివారిలో ఇంగ్లండులోకెల్లా ధనవంతురాలని పేరు. లండన్ దగ్గర వాన్‌స్టెడ్‌లో రాజభవనం లాంటి మేడ. తర్వాత నాలుగో విలియం పేరుతో రాజైన యువరాజు కూడా ఆమె చేయి అడిగాడు. ఆమె మాత్రం ఈ విలియం మీద మనసుపడి 1812లో పెళ్లాడింది. అతను భార్య ఇంటిపేర్లన్నీ తన పేరుకు కలుపుకున్నాడు. ఇంటిపేర్లతోపాటు ఆస్తీ కలుపుకున్నాడు. పదేళ్లు తిరగకుండా అప్పులవాళ్లు వాకిట్లోకి వచ్చారు. 1822లో వాన్‌స్టెడ్ మేడలో సామానంతా 32 రోజులపాటు వేలం వేశారు. తర్వాత మేడనే 10,000 పౌన్లకు ఇటుక, రాయి, కలప కింద అమ్మేశారు. కొన్నవాళ్లు పునాదుల దాకా విప్పుకుపోయారు. భర్త అప్పులవాళ్లకు దొరక్కుండా విదేశాలకు పారిపోయి, అక్కడ ఇంకొకరి భార్యతో కాపురం పెట్టాడు. క్యాథరిన్ పిల్లలను తీసుకుని స్వదేశానికి వచ్చేసింది. 1825 సెప్టెంబరులో, 35 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పిల్లలను ఆయన చేతికి ఇవ్వవద్దని చెల్లెళ్ల దగ్గర మాట తీసుకుంది.

తండ్రి వచ్చి పిల్లలు నావాళ్లు, నాకిచ్చేయండి అన్నాడు. ఆ రోజుల్లో పిల్లల మీద తండ్రి హక్కుకు తిరుగులేదు. చెల్లెళ్లు కోర్టుకు వెళ్లారు. పెద్దమనిషిగా వెల్లింగ్టన్ డ్యూక్ పిల్లల పక్షాన నిలబడ్డాడు. 1827లో లార్డ్ ఎల్డన్ అనే న్యాయాధిపతి, తండ్రి నడత పిల్లలకు చేటు తెచ్చేలా ఉంది కాబట్టి పిల్లలను అతనికి అప్పగించేది లేదని తీర్పు చెప్పాడు. 1828లో ప్రభువుల సభ ఆ తీర్పును ఖాయం చేసింది. తండ్రి హక్కు కన్నా బిడ్డ క్షేమం ముఖ్యమని చెప్పిన తొలినాటి పెద్ద తీర్పులలో అదొకటి. 1831లో ఆయన కూతురు విక్టోరియాను సంరక్షకుల దగ్గర నుంచి ఎత్తుకుపోయి, కోర్టు ధిక్కారం కింద జైలుకు కూడా వెళ్లాడు.

చిత్రమేమంటే, ఇంత జరిగినా 1845లో తండ్రి చనిపోగానే ఇతనే నాలుగో ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్ అయ్యాడు. పిల్లలను పెంచడానికి పనికిరాడని కోర్టు చెప్పినవాడు బిరుదుకు పనికొచ్చాడు. పత్రంలో నడత అన్న గడి లేదు. చివరికి వెల్లింగ్టన్ ఇంటివారు దయతో ఇచ్చే వారానికి 10 పౌన్ల భరణంతో కాలక్షేపం చేసి, 1857లో లండన్‌లో ఒక అద్దె గదిలో చనిపోయాడు.

ఆయన పెద్దకొడుకు ఐదో ఎర్ల్. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు అంతకుముందే పోయాడు. 1863 జులైలో ఈయన పారిస్‌లో మరణించాడు. అప్పుడు ఏమైందో చూడండి, ఈ ప్రసంగానికి పెట్టిన పేరు అక్కడిదే. బిరుదు 1760 నాటి పత్రం ప్రకారం ఆర్థర్ కొడుకు, రెండో వెల్లింగ్టన్ డ్యూక్‌కు వెళ్లింది. ఆర్థర్ 1852లోనే పోయాడు కాబట్టి ఈ బిరుదు ఆయన చూడనే లేదు. ఇక తల్లి క్యాథరిన్ వైపు నుంచి వచ్చిన డ్రేకాట్ ఎస్టేటు వీలునామా ప్రకారం చిన తాత హెన్రీ కొడుకు, కౌలీ ప్రభువుకు వెళ్లింది. బిరుదు ఒక దారి, ఆస్తి ఒక దారి. సొంత చెల్లెలు విక్టోరియా అప్పటికి బతికే ఉంది, 1897 దాకా బతికింది. అమ్మగారి పూర్వీకుల భూమి చెల్లెలికి కాక తండ్రిగారి వంశంలో ఇంకొకరికి చేరింది. బిరుదు ఆమెకు ఇవ్వలేకపోవడం చట్టం తప్పు. డ్రేకాట్ భూమి ఆమెకు ఇవ్వకపోవడం అన్నగారి ఇష్టం.

1863 నుంచి మార్నింగ్టన్ బిరుదు వెల్లింగ్టన్ బిరుదు వెనకే నడుస్తోంది. డ్యూక్ మనవడిని, అంటే వారసుడి పెద్దకొడుకును, మర్యాదగా ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్ అని పిలుస్తారు. నడుమ 1943లో ఒక సంఘటన జరిగింది. ఆరో డ్యూక్ పెళ్లికాకుండానే 31 ఏళ్లకు ఇటలీలో సాలెర్నో దగ్గర యుద్ధంలో మరణించాడు. బిరుదులన్నీ బాబాయికి వెళ్లాయి. ఒక్కటి మాత్రం ఆయన అక్కకు వెళ్లింది. నెపోలియన్ యుద్ధాలలో స్పెయిన్ దేశం ఆర్థర్‌కు ఇచ్చిన డ్యూక్ బిరుదు అది. స్పెయిన్ పత్రం ఆడపిల్లను కాదనలేదు. ఆమె తర్వాత 1949లో ఇష్టపూర్వకంగా దాన్ని బాబాయికి వదిలేసింది. ఒకే కుటుంబం, ఒకే చావు. పత్రం మారితే వారసులు మారారు.

ఐర్లండు సంగతి అంటారా, ఆ దేశంలో ఎక్కువ భాగం 1922లో విడివడింది. 1937 నాటి వారి రాజ్యాంగం ప్రభుత్వం ఎవరికీ ప్రభు బిరుదులు ఇవ్వరాదన్నది. మన రాజ్యాంగం 18వ అధికరణం చెప్పేదీ అదే. మార్నింగ్టన్ ఊరు అక్కడే బోయిన్ ఒడ్డున ఉంది. దాని పేరు పెట్టుకున్నవారు ఇంగ్లండులో ఉన్నారు.

చివరగా హయసింత్ పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. పత్రంలో చోటు దక్కని ఆ ఐదుగురిలో ఒక కూతురు ఆన్. ఆమె లార్డ్ చార్లెస్ బెంటింక్‌ను పెళ్లాడింది. సతీసహగమనాన్ని నిషేధించిన మన విలియం బెంటింక్‌కు ఆయన తమ్ముడు. వారి కొడుకు ఒక మతాచార్యుడు. ఆయన కూతురు సిసీలియా. సిసీలియా కూతురు ఎలిజబెత్ బోస్ లయాన్, ఆరో జార్జి రాజు భార్య. వారి కూతురే 70 ఏళ్లు రాజ్యమేలి 2022లో మరణించిన రెండో ఎలిజబెత్ రాణి. బంగాళాదుంప అని ఈసడించిన ఐర్లండు బిరుదుకు కూడా అర్హురాలు కాదన్న పిల్ల సంతతి సింహాసనం మీద కూర్చుంది. పత్రం మరిచినవారిని కాలం మరవలేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తహసీల్దారుగా ఉండగా ఒకరోజు, చనిపోయిన ఒక ఉద్యోగి వారసుల ధ్రువపత్రం ఫైలు నా ముందుకు వచ్చింది. విచారణ నివేదికలో భార్య లేదు, ఇద్దరు కొడుకులని ఉంది. పంచాయతీ పెద్దల సాక్ష్యాలు ఉన్నాయి. సంతకం పెట్టబోతుండగా తలుపు దగ్గర ఒకామె నిలబడి, "నేను కూడా ఆయన కూతుర్నే సార్" అంది. కొడుకులను అడిగితే, "పెళ్లి చేసి పంపాం కదండీ" అన్నారు. వాళ్లు దొంగలు కారు, నిజంగానే అలా అనుకున్నారు. 1985లోనే మన రాష్ట్రం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా వచ్చింది. చట్టం మారినా మా ఫైలు మారలేదు. ఆమె పేరు చేర్పించాను. కానీ ఆమె ఆ రోజు బస్సు తప్పి రాలేకపోయి ఉంటే? అంతకు ముందు నేను సంతకం చేసిన ఫైళ్లలో తలుపు దాకా రాలేకపోయినవాళ్లు ఎందరో? ఈ ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

కాబట్టి మిత్రులారా, మూడు ముక్కలు మనవి చేస్తాను. మన కుటుంబ పెన్షను ఐర్లండు బిరుదు లాంటిది. అది మన ఆస్తి కాదు, వీలునామాతో ఎవరికీ ఇవ్వలేం. నిబంధనలు చెప్పినవారికే వెళుతుంది. సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందుకని పెన్షను కాగితాలలో జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ, మీ మీద ఆధారపడిన పిల్లల వివరాలు సరిగా ఉన్నాయో లేదో మీరు కళ్లతో చూసుకోండి. ఇల్లు, పొలం, మీ స్వార్జితం డ్రేకాట్ ఎస్టేటు లాంటివి. వాటికి వీలునామా రాయవచ్చు. రాస్తే ఆలోచించి రాయండి. ఇక బ్యాంకు డిపాజిట్లకు నామినీ పేరు రాస్తే ఆ పేరున్న బిడ్డకే అంతా దక్కుతుందనుకోకండి. నామినీ డబ్బు పుచ్చుకునే చెయ్యి మాత్రమే. హక్కుదారులు వేరే ఉండవచ్చు.

నా సంగతీ చెప్పాలి కదా. రిటైరైన కొత్తలో నేనొక వీలునామా రాశాను. ఇల్లు అబ్బాయికి అని రాశాను. అమ్మాయికి పెళ్లిలో పెట్టాం కదా అనుకున్నాను. ఆ రోజు నా ఆఫీసులో ఆ కొడుకులు అన్న మాటే ఇదని నాకు తట్టనే లేదు. విక్టోరియా గురించి చదివిన రాత్రి తట్టింది. పోయిన ఏడాది మార్చి రాశాను, అబ్బాయికి చెప్పే రాశాను. "ఎప్పుడో చేయాల్సింది నాన్నా" అన్నాడు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఆమె ఈ సభలో మూడో వరసలో కూర్చుని ఉంది. ఇప్పుడు తెలిసింది.

 భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.